రంగు పూయకుండా చూడడం

వెన్న తీసిన పాలు ఒక్క చుక్క గ్లాసెడు నీళ్లలో కలపండి. అందులోంచి ఓ చుక్క గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు కండెన్సర్ కింద మధ్యలో నల్ల కాగితం బిళ్ల అడ్డం పెట్టండి. నేరుగా వచ్చే వెలుతురు ఆగిపోతుంది. పక్కల నుంచి వచ్చింది మాత్రం పాలలోని రేణువులకు తగిలి, చెదిరి కంట్లో పడుతుంది, కిటికీ సందులోంచి పడే ఎండలో దుమ్ము కనిపించినట్టు. చీకట్లో తెల్లటి చుక్కలు. ఒక్కటీ కుదురుగా ఉండదు.

ద్వారకా తిరుమలలో మా ఇంట్లో రాత్రిపూట నా వ్యాపకం ఇదే. ఆ చుక్కల్లో చాలావరకు కేసిన్ అనే పాల ప్రోటీన్ ఉండలు, మిల్లీమీటరులో పదివేలో వంతు, మహా అయితే రెండు వంతులు. ఆకారం మామూలు మైక్రోస్కోపుకు అందదు. ఉనికీ నడకా అందుతాయి, నాకది చాలు. ఐపీసుకు ఫోను ఆనించి వీడియో తీసి, ఒక చుక్క సెకనుకోసారి ఎక్కడుందో గ్రాఫు కాగితం మీద గుర్తుపెడతాను. 1908 ప్రాంతంలో పారిస్‌లో జాఁ పెరాఁ జిగురు రేణువులను 30 సెకన్లకోసారి ఇలాగే గుర్తించి, అణువులున్నాయని లోకాన్ని ఒప్పించాడు. చిన్నది ఎక్కువ గెంతుతుంది. గెంతు కొలిస్తే సైజు తెలిసిపోతుంది.

కొల్లేటి నీళ్లూ చూశాను. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన సన్నటి మట్టి తేలుతూ గిజగిజలాడుతోంది. కాస్త పటిక కలిపాక చుక్కలు ఒకదాన్నొకటి అంటుకున్నాయి, గుంపు పెరిగేకొద్దీ నడక మందగించింది.

మెరిసే రంగు అతికించి చూసే పద్ధతి ఉంది. నాకు దానిమీద మోజు లేదు. రంగు కాసేపటికి వెలిసిపోతుంది. పైగా అది రేణువు నడకనే మార్చేస్తే మనం చూసిందేమిటి? రంగు లేకపోతే వేరే చిక్కు: సైజు సగమైతే చెదిరే వెలుతురు 64వ వంతుకు పడిపోతుంది. నా సరంజామా చేతులెత్తేసేది అక్కడే. పెద్ద ల్యాబుల్లో గాజు నుంచి వెనక్కొచ్చే వెలుతురును రేణువు చెదరగొట్టిన వెలుతురుతో కలిపి, ఆ కలయికలో తేడాను కెమెరాతో పడతారు. అప్పుడు తగ్గేది 8వ వంతుకే. ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలిప్ కుకురా బృందం 2018లో విడి ప్రోటీన్లను ఇలాగే తూచింది.

వెలుతురు చెదరడం మనకు పరాయి విద్య కాదు. ఇప్పుడు మన ఏలూరు జిల్లాలో ఉన్న ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం, రామన్ శిష్యుడు, 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఈ విషయం మీదే పుస్తకం వేశారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం ఫిజిక్స్ మాస్టార్లకు ఒక మనవి. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి ఉపన్యాసం కాస్త తగ్గించి, పిల్లల చేత ఆ నల్ల బిళ్ల కత్తిరించించండి.