అల్లియు, ప్రమీలయు: పిల్లల కథలలో స్వతంత్ర రాజకుమార్తెలు

మధురలో స్థిరపడిన తెలుగుకుటుంబముల పిల్లలకు స్వతంత్రించిన రాజకుమార్తె కథ రెండు త్రోవల రాగలదు: ఇరుగుపొరుగు తమిళుల నోట అల్లిరాణి కథ, ఇంటి తెలుగు పురాణపఠనమున ప్రమీల కథ. రెండింటను వరుడు అర్జునుడే. వరించిన తీరు మాత్రము వేఱు.

పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు పదునైదవ శతాబ్దిలో తెనిగించిన జైమినిభారతమున ప్రమీల యాగాశ్వమును పట్టి, బట్టబయలున అర్జునునెదుర్కొనును. ఆమెకు వివాహమిష్టమే, అశరీరవాణి చెప్పవలసివచ్చినది అర్జునునకు. పుగళేంది పులవర్ పేర ప్రచారమందున్న 'అల్లి అరశాని మాలై'లో అట్లు కాదు. కలువపూవుపై పాండ్యరాజునకు దొరకిన శిశువు అల్లి (ఆ మాటకు తెలుగునను కలువ యనియే యర్థము). రాజ్యమపహరించిన నీన్ముగన్‌ను వధించి మధురను తానే యేలినది. పురుషుని పొడ గిట్టనిది. అర్జునుడు పామురూపున పడకటింట దూఱి, ఆమె నిద్రించుచుండగా తాళి కట్టెను. మేలుకొని అల్లి మండిపడినది.

పిల్లలకు చెప్పునపుడు ఈ ఘట్టమును నవ్వులాటగా మార్చుటయో, "పిమ్మట పెండ్లి జరిగినది" అని దాటవేయుటయో సులభము. రెండును కథకు చేటే. "అడుగకుండ ఎట్లు కట్టెను?" అని వినెడి బాలిక తప్పక అడుగును. ఆ ప్రశ్నకు కథలోనున్న సమాధానము అల్లి కోపమొక్కటే. దానిని తీసివేసినచో మిగులునది అర్జునుని గడుసుదనము. తాళి ఘట్టమును మఱుగుపఱుపనక్కఱలేదు; ఆ కోపమును కుదింపకున్న చాలును.

అల్లికి మూలము మహాభారతములోని చిత్రాంగద యని పలువురు పండితుల తలంపు. నన్నయ ఆదిపర్వమునను ఆ కథ కలదు. పుట్టిన కుమారుడు తన వంశమునకే చెందవలెనని చిత్రాంగద తండ్రి అర్జునునకు షరతు పెట్టెను. అచ్చట మాటలాడినది తండ్రి, కూతురు మాటలాడలేదు. ఆ పట్టుదలను తండ్రి చేతినుండి కూతురి చేతికి మార్చినది తమిళ జానపదుల కల్పన. పిల్లల కథగా అల్లికున్న విలువ యంతయు నిందే కలదు.

తమిళమున ఆడుదాని పెత్తనమును 'అల్లిరాజ్యము' అని ఎగతాళి చేయుట వాడుక. అదే మధురలో 1689లో తెలుగురాణి మంగమ్మ పసివాడైన మనుమని పక్షమున పాలనభారము వహించినది. ఆమె పేరిటి సత్రము రైల్వేస్టేషను ఎదుటనే యున్నది; కథ చెప్పువారు పిల్లలను అచ్చటికి కొనిపోవచ్చును.