శూర్పణఖ పెంచిన తోట

ఓల్గా గారి ‘విముక్త’ కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. మలేషియాలోని మన పాఠకులలో ఆ పేరు విన్నవారు చాలామందే ఉండవచ్చు. చదివినవారు కొద్దిమందే అని మా అనుమానం. ఇందులో సీత తన జీవితపు వేర్వేరు ఘట్టాలలో అహల్య, రేణుక, ఊర్మిళ, శూర్పణఖలను కలుసుకుంటుంది. శూర్పణఖ కథ ‘సమాగమం’ గూర్చి మాత్రమే ఇక్కడ ముచ్చటిస్తాము.

మన తోటలలో గుడి ముంగిట రామాయణం ఆడినప్పుడు శూర్పణఖ రంగం వచ్చిందంటే పిల్లలకు పండుగే. ముక్కు తెగగానే ఈలలు, చప్పట్లు. ఆమె ఏడుస్తూ తెర వెనక్కి పరుగెత్తుతుంది. ఆ తరువాత ఆ మనిషి ఏమైంది? ఓల్గా గారు కథను అక్కడ అందుకున్నారు.

వాల్మీకి ఆశ్రమంలో ఉన్న సీతకు కుశలవులు అడవిలో చూసిన ఒక అందమైన తోట సంగతి చెబుతారు. దాన్ని పెంచినది కురూపి అయిన ఒక స్త్రీ. సీత వెళ్లి చూస్తే శూర్పణఖ! అవమానం పొందిన తొలిరోజుల్లో అందమైన దేన్ని చూసినా ద్వేషం పుట్టేదని ఆమె దాపరికం లేకుండా చెబుతుంది. ముక్కు తిరిగి రాలేదు. రాముడు వచ్చి క్షమాపణ కోరలేదు. అయినా మట్టిలో చేతులు పెట్టి, మొక్కలను సాకి, రూపం అనేదాన్ని కొత్తగా చూడడం నేర్చుకుని కోలుకుంది. పురాణపాత్రను తిరిగి మలచడమంటే ఇలా ఉండాలని మేము తలుస్తాము. ఇది సీతమ్మకు అపచారమని కొందరు పెద్దలు అనవచ్చు. గాయపడిన ఇద్దరు ఒకరి మాట ఒకరు వినడంలో అపచారమేమిటో మాకు బోధపడదు.

ఒక లోపం చెప్పక తప్పదు. శూర్పణఖ కోలుకున్న ఏళ్లన్నీ ఒక్క సంభాషణలో ఇమిడిపోయాయి. ఆమె మరీ జ్ఞానిలా మాట్లాడుతుంది, సీత శిష్యురాలిలా వింటుంది. రబ్బరు చెట్టు బెరడు కోసి పాలు తీసిన కుటుంబాలవారికి తెలుసు: కత్తి లోపలి కట్టెదాకా దిగితే కొత్త బెరడు వస్తుంది గాని బుడిపెలతో వస్తుంది, మునుపటి నునుపు రాదు. శూర్పణఖలో ఆ బుడిపెలు మరికొన్ని కనబడవలసింది.

ఈ కథ చదువుతుంటే మాకు మన ఆడవారే తలపుకు వచ్చారు. 1942–43లో సయాం రైలుమార్గం పనికి జపానువారు మలయా తోటల నుంచి తరలించిన కూలీలలో వేలాదిమంది తిరిగి రాలేదు. వారిలో తెలుగువారూ ఉన్నారు. యుద్ధం ముగిశాక వారి భార్యలు తెల్లవారుజామునే మళ్లీ చెట్ల వరుసలలోకి నడిచారు. పిల్లలకు రాత్రిపూట రామాయణం చెప్పినవారూ వారే. వారి మీద మనలో ఎన్ని కథలు, ఎన్ని నాటకాలు వచ్చాయి?

రచయిత్రి అనుమతి తీసుకుని, వచ్చే ఉగాదికి మన యువజనులు ‘సమాగమం’ ఆడితే చూడాలని మా కోరిక. పాత్రలు కొద్దిమందే, రంగస్థలం మీద పెద్ద ఖర్చు లేదు. శూర్పణఖ వేషానికి మాత్రం పడుచుపిల్లను గాక, నలభై దాటిన మనిషిని ఎంచుకోవడం మంచిది.