ఒక పంటి లాభనష్టములు
బులెట్ మోటారు సైకిలు గొలుసు చక్రములపై విమర్శ

మోటారు సైకిలు గేరుపెట్టె వద్దనుండు పళ్ళ చక్రమునకు ఒక పన్ను తగ్గించినచో బండి చురుకుగా లాగుననియు, ఒక పన్ను పెంచినచో పెట్రోలు ఆదా అగుననియు మరమ్మతు దుకాణములలో తరచుగా వినబడు మాట. మెకానిక్కులు ‘స్ప్రాకెట్టు’ అని పిలుచు చక్రమిదియే. పై మాటలో మొదటి సగము నిజము. రెండవ సగము కొన్ని నియమములకు లోబడి మాత్రమే నిజము. ఆ నియమములు విచారింపక డబ్బు ఖర్చుపెట్టి చక్రము మార్పించుకొన్నవానికి ఆశాభంగము కలుగవచ్చును.

ఈ పరిశీలనకు పాత బులెట్ బండి మిక్కిలి అనువైనది. ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ నమూనాను 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ చేపట్టి, ఐదు దశాబ్దములకు పైగా ఉత్పత్తి జరిపినది. దాని ఇంజను పరిమాణము 346 ఘనసెంటీమీటర్లు. గరిష్ఠ సామర్థ్యము సుమారు 18 అశ్వసామర్థ్యములు. విడి గేరుపెట్టె గల ఆ నమూనా తయారీ నిలిచిపోయినను, ఆ బండ్లు నేటికిని రోడ్లపై తిరుగుచున్నవి.

ఈ బండిలో ఇంజను చలనము రెండు గొలుసుల ద్వారా వెనుక చక్రమునకు చేరును. మొదటి గొలుసు ఇంజను వద్ద 25 పళ్ళ చక్రమును, క్లచ్చి వద్ద 56 పళ్ళ చక్రమును కలుపును. రెండవ గొలుసు గేరుపెట్టె వద్ద చిన్న చక్రమును, వెనుక నున్న 38 పళ్ళ చక్రముతో కలుపును. చిన్న చక్రములు 16, 17, 18 పళ్ళతో దొరకును. నాలుగవ గేరులో గేరుపెట్టె వేగమును మార్చదు. కావున వెనుక చక్రము ఒక్కసారి తిరుగుటకు ఇంజను 16 పళ్ళతో 5.32 సార్లు, 17 పళ్ళతో 5.01 సార్లు, 18 పళ్ళతో 4.73 సార్లు తిరుగవలెను. 56ను 25చే భాగించి, 38చే గుణించి, చిన్న చక్రపు పళ్ళ సంఖ్యచే భాగించినచో విద్యార్థులు ఈ అంకెలను స్వయముగా పొందగలరు.

మొదట త్వరణమును చూతము. 18 పళ్ళ చక్రమును తీసి 16 పళ్ళ చక్రమును అమర్చినచో, ఇంజను అదే మెలితిప్పు బలమును ఇచ్చుచున్నప్పుడు వెనుక చక్రమువద్ద లాగు బలము నూటికి 12.5 వంతులు పెరుగును. బయలుదేరునప్పుడును, వెనుక మరొకరిని ఎక్కించుకొన్నప్పుడును ఈ తేడా స్పష్టముగా తెలియును. అయితే ఇంజను గరిష్ఠ సామర్థ్యము ఏమియు పెరుగలేదు. ఒక్కొక్క గేరులో చేరగల వేగము అదే నిష్పత్తిలో తగ్గును. గేరు త్వరత్వరగా మార్పవలసి వచ్చును. తుల యొక్క పొడవైన చేతిని పట్టుకొన్నవాడు తక్కువ బలముతో ఎక్కువ బరువు నెత్తును గాని, తన చేయి ఎక్కువ దూరము కదల్పక తప్పదు. ఇచటను జరుగుచున్నది అదియే.

ఇక పెట్రోలు సంగతి. వెనుక చక్రము ఒక చుట్టుకు సుమారు 2 మీటర్లు దొర్లును. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా నిమిషమునకు 1000 మీటర్లు, అనగా 500 చుట్లు. అప్పుడు ఇంజను నిమిషమునకు 16 పళ్ళతో 2660, 17తో సుమారు 2500, 18తో సుమారు 2360 చుట్లు తిరుగును. బండికి కావలసిన సామర్థ్యము మాత్రము మూడింటిలోను ఒక్కటే. బండి, మనిషి కలిసి 245 కిలోగ్రాములనియు, గాలి నిరోధము, టైర్ల నిరోధము సాధారణ ప్రమాణములో ఉన్నవనియు అనుకొన్నచో, అది ఇంచుమించు 3 అశ్వసామర్థ్యములు. పద్దెనిమిది ఇవ్వగల ఇంజను మూడు మాత్రమే ఇచ్చుచున్నదన్నమాట. అందుచే గాలి ద్వారము చాలవరకు మూసియుండును. పిస్టను పాక్షిక శూన్యమునకు ఎదురుగా గాలిని లాగుటకు వృథాగా శ్రమించును. చుట్లు తగ్గినచో ద్వారము మరికొంత తెరువవలెను. అందువలన ఈ వృథా శ్రమ తగ్గును. లోపలి ఘర్షణ నష్టమును తగ్గును. పెద్ద చక్రము పెట్రోలును ఆదా చేయుటకు అసలు కారణమిదియే.

కాని ఈ ఆదాకు రెండు హద్దులు కలవు. మొదటిది వేగము. పై లెక్కలోనే గంటకు 60 నుండి 80 కిలోమీటర్లకు వేగము పెంచినచో, గాలి నిరోధము 1.78 రెట్లగును, కిలోమీటరు దూరమునకు వెచ్చింపవలసిన పని నూటికి 57 వంతులు హెచ్చును. 17కు బదులు 18 పళ్ళు అమర్చినచో ఇంజను చుట్లు తగ్గునది నూటికి 5.6 వంతులే, పెట్రోలులో ఆదా అంతకంటెను స్వల్పమని ఊహింపవచ్చును. పెద్ద చక్రము అమర్చిన సంబరములో వేగము పెంచినవాడు లాభమును పోగొట్టుకొని పైపెచ్చు నష్టపోవును.

రెండవ హద్దు గేరు మార్పు. ఎగువ దారిలోనో, ఎదురుగాలిలోనో 18 పళ్ళ బండి నాలుగవ గేరులో లాగలేక మూడవ గేరులోనికి దిగవలసి రావచ్చును. మూడవ గేరు నిష్పత్తి 1.36. అప్పుడు ఇంజను 4.73కు బదులు 6.43 చుట్లు తిరుగును. అదే దారిలో నాలుగవ గేరులోనే ఎక్కగల 16 పళ్ళ బండి ఇంజను 5.32 చుట్లే తిరుగును. ఆదా కొరకు అమర్చిన చక్రమే ఎక్కువ చుట్లు తిప్పించుచున్నది! మొండిగా నాలుగవ గేరులోనే నడిపినచో ఇంజను లోపల టకటకమను దెబ్బలు పుట్టి భాగములు చెడవచ్చును.

పరీక్షించువారిని దూరమాపకము కూడ మోసగింపవచ్చును. ఈ బులెట్‌లో దానిని ముందు చక్రము త్రిప్పును. కావున మోసము లేదు. గేరుపెట్టె త్రిప్పు మాపకములు గల బండ్లలో 17కు బదులు 16 పళ్ళు అమర్చినచో, నిజముగా 100 కిలోమీటర్లు నడచినప్పుడు మాపకము 106 చూపును. పెట్రోలు ఎక్కువ ఖర్చయినను ఆదా అయినట్లు తోచును!

బండి నిర్మాణములోను లోపములు లేకపోలేదు. చిన్న చక్రము క్లచ్చి వెనుక దాగియున్నది. దానిని మార్చుటకు మొదటి గొలుసు పెట్టెను, క్లచ్చిని విప్పవలెను. వెనుక పళ్ళ చక్రము బ్రేకు డ్రమ్ముతో ఏకఖండముగా పోతపోయబడినది. పళ్ళు అరిగినచో డ్రమ్మునే మార్పవలెను. గొలుసు, పళ్ళు త్వరగా అరుగు భాగములు. అరుగు భాగమును సులభముగా విడదీయు వీలుండుట మంచి నిర్మాణమునకు లక్షణము. ఈ పరీక్షలో పాత బులెట్ నెగ్గినదని చెప్పుటకు వీలులేదు. మరి 17 పళ్ళ చక్రమునకు ఒక సుగుణము గలదు. పదునేడు ప్రధాన సంఖ్య. కనుక గొలుసు లంకెల సంఖ్య పదునేడుచే నిశ్శేషముగా భాగింపబడనిచో, చిన్న చక్రపు ప్రతి పన్ను గొలుసులోని వేర్వేరు లంకెలను వరుసగా తాకును. అరుగుదల సమముగా పంచుకొనబడును.

ఎక్కువగా చదునైన రహదారిపై, మితమైన వేగముతో, ఒంటరిగా పోవువారికి 18. కొండదారులలోను, బరువుతోను, ఊరి రద్దీలోను తిరుగువారికి 16. రెండును కలిసియున్నవారికి 17 తగును. ఏ దారి, ఎంత బరువు, ఎంత వేగము అని అడుగక చక్రమును సిఫారసు చేయువాని మాట నమ్మదగినది కాదు.

భౌతిక శాస్త్రోపాధ్యాయులు ఈ పాఠమునకు బులెట్‌ను వెదుకనక్కరలేదు. పాఠశాల ఆవరణలో నిలిపియున్న సైకిలు చాలును. తొక్కుడు చక్రపు పళ్ళను, వెనుక చక్రపు పళ్ళను విద్యార్థులచే లెక్కింపించి, తొక్కుడు ఒక చుట్టుకు సైకిలు ఎంత దూరము పోవునో ముందుగా గణింపజేసి, తరువాత నేలపై గీతలు గీయించి కొలిపింపవలెను. లెక్కకు, కొలతకు తేడా వచ్చినచో, అది ఎందులకు వచ్చినదో వారినే వెదకనీయవలెను.