బోళం చెట్టు, కత్తెర

ఆకులన్నీ రాల్చి ముళ్లతో నిలబడ్డ నా కుండీలోని బోళం చెట్టును చూసి పక్కింటి పిన్నిగారు ఏటా చలికాలంలో ఒకటే మాట: "ఎండిపోయిందయ్యా, కుండీ ఖాళీ చెయ్యరాదూ!" కాగితంలా ఊడే బెరడును గోటితో గీరి చూపిస్తాను. లోపల పచ్చగా ఉంటుంది. ఆకు లేని నెలల్లో ఆ పచ్చదనమే దానికింత తిండి వండిపెడుతుంది. అప్పుడు జాలిపడి నీళ్లు పోశామా, వేరు కుళ్లిపోతుంది.

దాని సొంత నేల సోమాలియా, ఇథియోపియాలోని ఒగాడెన్, ఈశాన్య కెన్యా. తుమ్మలతో కలిసి పెరిగే మెట్టపొదల సీమ. అక్కడ రెండు వానకాలాలు: ఏప్రిల్‌లో మొదలయ్యేది ‘గు’, అక్టోబరులో వచ్చేది ‘డేర్’. తడి తగిలితే చిగురు, ఎండ ముదిరితే బోడికొమ్మ. మన ముసురు దానికి పడదు. అందుకే నా కుండీలో మట్టికన్నా గులకరాయే ఎక్కువ.

కుండీలో చెట్టును తీర్చిదిద్దే అసలు పని కత్తెరతో. కొమ్మ తెగగానే లేత పసుపు జిగురు ఊరి, గాలికి ఎర్రగోధుమ రంగులో గట్టిపడుతుంది. చెట్టు తన గాయానికి తానే కట్టుకునే కట్టు అది. క్రిస్మస్ నాటకంలో జ్ఞానులు పసిబిడ్డకు తెచ్చే బోళం ఇదే. కత్తెరకు అంటిందా, ఓపట్టాన వదలదు. అందులోని బంక నీళ్లకు కరుగుతుంది, మిగతాది స్పిరిట్‌కే లొంగుతుంది. రెండూ పట్టాల్సిందే.

బోళం సొంత నేలలో పశువుల కాపరులు మందల వెంట తిరుగుతూ ఈ జిగురును ఏరుతారు. తనంతట కారింది కొంత, గాటు పెట్టి రప్పించింది కొంత. సోమాలీలు ‘మల్మల్’ అంటారు. ఆ గాటు ఎంత లోతన్నదే చేతి నేర్పు. బోళం దాయాది గుగ్గులు చెట్టును రాజస్థాన్, గుజరాత్‌లలో జిగురు కోసం కోసీ కోసీ, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో తీవ్ర ప్రమాదపు గడిలోకి నెట్టారు. నా చెట్టుకు జిగురు కోసం గాటు పెట్టను. అందం కోసం మాత్రం కొమ్మలు నరుకుతాను. ఇదేం న్యాయమని చెట్టు అడగదు కాబట్టి సరిపోయింది.

బోళం మొక్క దొరకనివారు మన గుట్టల మీది కొండమామిడితో మొదలుపెట్టొచ్చు. అదీ దీని దాయాదే. చెట్టును తవ్వుకురాకండి. ఓ కొమ్మ తెచ్చి, కోసిన చోట ఆరనిచ్చి, ఇసుకలో గుచ్చండి.