నిమిషాల శాస్త్రం, రోజుల శాస్త్రం

దివిసీమ ఉప్పెన గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1977 నవంబరు 19న అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల ఊళ్ల మీద సముద్రం విరుచుకుపడి కనీసం పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. జపాన్ ఈశాన్యాన సన్రికు తీరానికీ అలాంటి తేదీలున్నాయి. అక్కడ 1896లో సుమారు 22 వేల మంది, 1933లో దాదాపు 3 వేల మంది సునామీకి బలయ్యారు. 2011 మార్చి 11న వచ్చిన సునామీలో ఆ తీరమూ దాని దిగువ ప్రాంతమూ కలిపి 18 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. విపత్తుల ముప్పు తగ్గించే పరిశోధన ఎటు పోతోందో తెలియాలంటే ఈ రెండు తీరాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రెంటికీ అసలు తేడా వ్యవధిలో ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఉపగ్రహాలు రోజుల ముందే పట్టేస్తాయి. దగ్గరికి వచ్చాక మచిలీపట్నం, విశాఖ రాడార్లు దాన్ని వెంటాడతాయి. అందుకే మన శాస్త్రం మొదటి నుంచీ ‘తీరం ఎక్కడ దాటుతుంది?’ అన్న ప్రశ్న చుట్టూ పెరిగింది. సన్రికులో అయితే, భూమి కంపించాక అల వచ్చేదాకా ఉండేది అరగంట అటూ ఇటూ. కాబట్టి అక్కడి ప్రశ్న ‘ఎంత ఎత్తు?’. తారో అనే ఊరు పది మీటర్ల ఎత్తున, 2.4 కిలోమీటర్ల పొడవున గోడ కట్టుకుంది. సెండాయ్ మైదానంలో తవ్వి, క్రీ.శ. 869 నాటి సునామీ వదిలిపోయిన ఇసుక పొరలను బయటపెట్టిన పరిశోధకులు కూడా ఆ ప్రశ్న వెంట వెళ్లినవాళ్లే.

2011లో జపాన్ వాతావరణ సంస్థ మూడే నిమిషాల్లో హెచ్చరిక ఇచ్చింది. వేగంలో దానికి సాటి లేదు. అయితే భూకంప తీవ్రతను తొలుత తక్కువగా లెక్కగట్టడంతో తారో ఉన్న ఇవాతే రాష్ట్రానికి మూడు మీటర్ల అల అని చెప్పింది. పది మీటర్ల గోడ వెనక ఉన్నవాడు మూడు మీటర్ల అలకు ఎందుకు పరిగెత్తుతాడు? అల గోడ దాటింది. తారోలో రెండు వందల మంది దాకా పోయారు. మన వైపూ అంకెల నమ్మకం తక్కువేం కాదు. రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. రేవు దగ్గరున్నవాడికి పదో నంబరు అంటే గుండె జారుతుంది. వేటకెళ్లి నడిసముద్రంలో ఉన్నవాడికి ఆ సూచిక కనబడదు. 1996 నవంబరు 6 కోనసీమ తుపానులో ఎందరో మత్స్యకారులు తిరిగి రాలేదు.

రెండు వైపులా దెబ్బ తిని నేర్చుకున్నదీ ఒకలాంటిదే. జపాన్ 2013 నుంచి అతి భారీ భూకంపాలకు తొలి హెచ్చరికలో మీటర్ల లెక్క మానేసి ‘బ్రహ్మాండమైన అల’ అని మాత్రం చెబుతోంది. అలాగే మన వాతావరణ శాఖ గాలి వేగంతో ఆగకుండా, పూరిళ్లు ఎగిరిపోతాయని, కరెంటు స్తంభాలు ఒరుగుతాయని, కొబ్బరి మట్టలు చీలి పచ్చికాయలు రాలతాయని రాస్తోంది.

మనుషులను కదిలించే తీరు మాత్రం వేరు. ఇక్కడ అధికారులు ఊరూరా తిరిగి, బతిమాలి, బస్సులెక్కించి షెల్టర్లకు చేరుస్తారు. 2013 ఫైలిన్ తుపానుకు ఒడిశా, ఆంధ్ర తీరాల్లో దాదాపు పది లక్షల మందిని అలా తరలించారు. అక్కడ అంత వ్యవధి లేదు. కమాయిషి పట్టణంలో తొషితక కతాద అనే ఆచార్యుడు, ముప్పు పటాన్ని నమ్మొద్దు, ఎవరి కోసమూ ఆగొద్దు, పైకి పరుగెత్తండి అని పిల్లలకు ముందే నూరిపోశాడు. ఆ రోజు దాదాపు మూడు వేల మంది పిల్లలు బతికారు. అదే రోజు ఓకవ బడిలో మాత్రం, పెద్దలు ఎటు వెళ్లాలో తేల్చుకునేలోపు 74 మంది పిల్లలు కొట్టుకుపోయారు. దండోరా వేసే రాజ్యమూ కావాలి, దండోరా కోసం ఆగని మనిషీ కావాలి. అందుకే ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలంటే నేను తీర్పు చెప్పను.

ప్రపంచ పరిశోధన కూడా గాలినీ అలనూ కొలవడం దగ్గర ఆగకుండా, వాటి దారిలో ఎవరున్నారు, ఎందుకున్నారు అని అడుగుతోంది. ప్రకృతి తెచ్చేది ప్రమాదమే, దాన్ని విపత్తు చేసేది మన ఏర్పాట్లేనన్న వాదన 1976లోనే ‘నేచర్’ పత్రికకెక్కింది. 2015లో సెండాయ్‌లోనే దేశాలన్నీ ఒప్పుకున్న ప్రణాళిక ఆ దారిలోదే. దాని ఏడు లక్ష్యాల్లో మొదటిది మరణాలు తగ్గించడం, మూడోది ఆర్థిక నష్టం తగ్గించడం.

మొదటిదాంట్లో రెండు తీరాలకూ చెప్పుకోదగ్గ పాఠాలున్నాయి. మూడోదాంట్లో రెండూ తడబడుతున్నాయి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో మనుషులు చాలావరకు మిగిలారు గానీ కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తారోలో కొత్త గోడ 14.7 మీటర్లు లేచింది, దాని వెనక ఊరు మాత్రం పలచబడింది. మరణాల లెక్క తగ్గగానే చేతులు దులుపుకోకుండా, బతికినవాళ్లకు మిగిలిన బతుకుతెరువునూ కొలిచే పరిశోధనకే ఇకపై ఎక్కువ డబ్బు పెట్టాలి.