ఒక తల్లి ప్రార్థనలు, ఒక కుమారుని దినచర్య



కొన్ని పుస్తకములు మనకు ఇష్టమైన సంగతులు చెప్పును. కొన్ని మనకు అవసరమైన సంగతులు చెప్పును. అమెరికా దేశపు పత్రికా రచయిత లిరాయ్ ఆరన్స్ వ్రాసి 1995లో ప్రచురించిన “ప్రేయర్స్ ఫర్ బాబీ”, అనగా “బాబీ కొరకైన ప్రార్థనలు”, రెండవ తరగతికి చెందినది. 2009లో దీనిని టెలివిజన్ చిత్రముగా తీసిరి. తల్లి పాత్రను సిగోర్నీ వీవర్ ధరించెను. మన గ్రామ సంఘములలో దీనిని చదివినవారు అరుదు. ఐనను ఇందులోని ఇల్లు మనకు తెలిసిన ఇల్లే: కుటుంబ ప్రార్థన తప్పని ఇల్లు, ఆదివారము ఉదయము తాళము పడు ఇల్లు.

కథ కల్పితము కాదు. కాలిఫోర్నియా రాష్ట్రములోని వాల్నట్ క్రీక్ పట్టణమున మేరీ గ్రిఫిత్ అను భక్తిగల స్త్రీ యుండెను. ఆమె కుమారుడు బాబీ. తన మనస్సు ఆడపిల్లలవైపు గాక తనవంటి మగపిల్లలవైపే పోవుచున్నదని, పదునారేండ్ల ప్రాయములో అతడు అన్నకు చెప్పుకొనెను. ఆ సంగతి అన్న ద్వారా తల్లికి తెలిసెను. నాటినుండి ఆమె విశ్రమింపలేదు. దేవుడు వానిని స్వస్థపరచునని నమ్మి ప్రార్థించెను. వాడు చూచుచోట్ల వాక్యములు వ్రాసి అంటించెను. క్రైస్తవ సలహాదారుని యొద్దకు పంపెను. బాబీ కూడ మారుటకు ప్రయాసపడెను, మారలేకపోయెను. 1983 ఆరంభములో ఇల్లు విడిచి పోర్ట్‌లాండ్ నగరమునకు వెళ్లెను. ఆ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన, ఇరువదియేండ్ల వయస్సులో, తన ప్రాణము తానే తీసికొనెను. అతడు విడిచిన దినచర్య పుస్తకములను తల్లి తరువాత చదివెను. ఈ గ్రంథమునకు అవియే ఆధారము.

ఈ గ్రంథములో మెచ్చదగిన మొదటి సంగతి, రచయిత ఆ తల్లిని రాక్షసిగా చిత్రింపకుండుట. అట్లు చేసియుండిన యెడల మనము సుఖముగా పుస్తకము మూసి, “మేము అట్టివారము కాము” అని నిద్రపోయియుందుము. ఆమె కుమారుని ద్వేషింపలేదు, ప్రాణముగా ప్రేమించెను. పరలోకములో తన కుటుంబమంతయు కూడుకొనునప్పుడు ఒక పీట ఖాళీగా నుండునేమో యని వణకెను. ఆ వణకునే ఆమె విశ్వాసమనుకొనెను. భయము ప్రార్థన వేషము వేసికొని వచ్చినప్పుడు, దానిని గుర్తుపట్టుట భక్తిపరులకే మిక్కిలి కష్టము.

ఆమె కుమారుని గూర్చి దేవునితో ఎంతయో మాటలాడెను; దేవుని గూర్చి కుమారునితో ఎంతయో మాటలాడెను. కుమారుడు చెప్పునది మాత్రము వినలేదు. దేవుడు తన్ను అసహ్యించుకొనుచున్నాడేమో యన్న దిగులును ఆ బిడ్డ దినచర్యలో వ్రాసికొనెను. ప్రార్థనలతో నిండిన ఆ యింటిలో, ఆ మాట వినగలిగినది కాగితమొక్కటే.

ఒక మరణమునకు ఒక్కటే కారణమని చెప్పుట న్యాయము కాదు. మనస్సులోని వేదనకు అనేకమైన వేళ్లుండును. కాని ఇంటివారి మాటకు ఎంత బలమున్నదో పరిశోధకులు చూపియున్నారు. కేట్లిన్ రయన్ అను పరిశోధకురాలును ఆమె సహచరులును 2009లో ప్రచురించిన అధ్యయనములో, ఇట్టి యువజనులు 224 మందిని విచారించిరి. ఇంటివారి తిరస్కారము మిక్కుటముగా అనుభవించినవారిలో ఆత్మహత్యా ప్రయత్నములు, తిరస్కారము లేనివారిలోను కొద్దిగానే యున్నవారిలోను కంటె ఎనిమిది రెట్లకు పైగా కనబడెను. అనగా తలిదండ్రుల నాలుక బిడ్డకు గొడుగు కావచ్చును, పిడుగును కావచ్చును.

ఇక ఈ గ్రంథముపైనను, ముఖ్యముగా చిత్రముపైనను, నా ఆక్షేపణ చెప్పెదను. కుమారుడు మరణించిన పిమ్మట తల్లి వేరొక పాదిరిగారి యొద్ద కూర్చుండి లేఖనములను మరల చదివెను. తన బిడ్డలో స్వస్థపరచవలసిన రోగమేదియు లేనందుననే దేవుడు స్వస్థపరచలేదని తెలిసికొంటినని చెప్పెను. 2020లో కన్నుమూయువరకు ఇట్టి పిల్లల పక్షమున పాటుపడెను. ఇదంతయు సత్యమే, మనోహరమే. కాని కథ ఈ వరుసలో నడచుటచే ఒక అపాయము కలదు. నలిగిన మనస్సుతో దీనిని చూచు పిల్లవాడు, “నేను పోయిన తరువాతనైనను మా అమ్మ అర్థము చేసికొనును” అని తలంచవచ్చును. ఆ తలంపు అబద్ధము. మారిన తల్లిని బాబీ చూడలేదు. ఆమె కౌగిలి వానికి అందలేదు. ఈ మాటను చిత్రము గట్టిగా చెప్పవలసినది, చెప్పలేదు. కావున మీ యౌవనస్థులకు దీనిని ఒంటరిగా చూపకుడి. ప్రక్కన కూర్చుండి చూచి, తరువాత మాటలాడుడి.

లేఖనము మనకు వేరొక వరుస నేర్పుచున్నది. ఫిలిప్పీ చెరసాల నాయకుడు కత్తి దూసినప్పుడు (అపొ. కార్య. 16) పౌలు మొదట కేకవేసి ఆ చేతిని ఆపెను, బోధ ఆ తరువాత జరిగెను. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు (1 రాజులు 19) దూత గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల పండుకొననిచ్చెను. మొదట ప్రాణము, పిమ్మట ప్రసంగము. ఈ క్రమమును తిరుగవేసిన సంఘము పౌలుకంటె ఎక్కువ ఎరిగినదని చెప్పుకొనవలసియుండును.

ఈ విషయమైన లేఖన భాగముల అర్థమును గూర్చి సంఘములలో భేదాభిప్రాయము లున్నవి. ఆ వాదమును నేనిక్కడ తీర్చబోను. కాని వాదము తీరువరకు పిల్లలు ఆగి పెరుగరు. ఏ పక్షము వారికైనను కొన్ని సంగతులు తెలిసియుండవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీనిని రోగముల పట్టికనుండి తీసివేసెను. ప్రార్థనచేతను సలహాచేతను ఇట్టివారిని మార్చెదమని అనేక సంవత్సరములు పనిచేసిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అను క్రైస్తవ సంస్థ 2013లో మూతబడెను. దాని అధ్యక్షుడు ఆలన్ చేంబర్స్, తమవలన గాయపడినవారిని బహిరంగముగా క్షమాపణ వేడెను. మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము 2018 సెప్టెంబరు 6న, ఏకాంతమున ఇష్టపూర్వకముగా కలిసిన వయోజనులు నేరస్థులు కారని తీర్పు చెప్పెను.

చదువరీ, నీ బిడ్డ వచ్చి ఇట్టి మాట చెప్పిన యెడల ఏమి చేయుదువు? కొట్టకుము. వెళ్లగొట్టకుము. దయ్యమనకుము. పెండ్లి చేసిన సరిపోవునని తొందరపడకుము. దానివలన ఇంకొకరి బిడ్డ బ్రదుకు కూడ బుగ్గియగును. “నాతో చెప్పితివి, మంచిపని చేసితివి, నీవు నా బిడ్డవే” అనుము. చావవలెనని తలంచుచున్నావా యని సూటిగా అడుగుము; అడిగినందున ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. ఔనన్న యెడల ఒంటరిగా విడువకుము, ఇంటిలోని పురుగుమందు డబ్బాను వాని చేతికందకుండ తీసివేయుము, ఆసుపత్రికి తీసికొనిపొమ్ము. కేసు అగునని వెరవకుము. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ఇట్టివారిని నేరస్థులుగా గాక తీవ్రమైన వేదనలో నున్నవారిగా ఎంచుచున్నది. 14416 అను ప్రభుత్వపు ఫోను నంబరునకు రాత్రింబగళ్లు తెలుగులోనే మాటలాడవచ్చును; రుసుము లేదు.

బోధకులారా, వేదికమీద ఇట్టివారిని ఎగతాళి చేయు మాట నోటికి వచ్చినప్పుడు వెనుక బల్లలు చూడుడి. నవ్వనివాడొకడు అక్కడ కూర్చుండి యుండవచ్చును.

మనము మారుటకు ఒక మరణము అవసరమైనది, నిజమే. అది గొల్గొతాలో జరిగినది, ఒక్కసారే జరిగినది, చాలినది. మన కన్నులు తెరచుటకు ఇంకొక బిడ్డ చావనక్కరలేదు.