అమీన్‌పూర్ ముంగిళ్లలో పండుగల కాలము

భాద్రపద బహుళ అమావాస్య మొదలుకొని మకర సంక్రమణము వరకు గల నాలుగు నెలలు తెలంగాణపు గృహిణికి ఎడతెగని పనికాలము. పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, సద్దుల బతుకమ్మ, దసరా, దీపావళి నోములు, కార్తీక దీపములు, ధనుర్మాసపు ముగ్గులు వరుసగా దాటి, సంక్రాంతి పిండివంటలతో అది పూర్తియగును. పటాన్‌చెరు పారిశ్రామిక వాడను ఆనుకొని యున్న అమీన్‌పూర్, మొన్నమొన్నటి వరకు చేలతోను చెరువుతోను బ్రతికిన గ్రామమే. 2018లో అది పురపాలక సంఘమైనది, నేడు బహుళ అంతస్తుల భవనములతో నిండిపోయినది. ఇచ్చటి ఇండ్లలో ఈ నాలుగు నెలల పనిని దగ్గరనుండి గమనించినవారికి ఒక్క సంగతి స్పష్టమగును: ఈ పండుగలకు కావలసిన వస్తువులు మిక్కిలి స్వల్పములు, కావలసిన చేతులు మాత్రము అనేకములు. గునుగుపూలు, పసుపు, దూది, నువ్వులు, బియ్యము - వీనిలో వెలయెక్కువైనది ఏదియు లేదు. వీనిని పండుగగా మార్చునది పనితనము. ఆ పనితనము నలుగురు కలిసి కూర్చుండినచోటనే ఒకరినుండి యొకరికి సంక్రమించును.

బతుకమ్మను పేర్చుట చూచుటకు సులభము, చేయుటకు కాదు. తాంబాళములో గాని వెదురు సిబ్బిలో గాని గుమ్మడి ఆకులు పరచి, అవి దొరకనినాడు ఆముదపు ఆకులు పరచి, అంచు వెంబడి పూలను వలయముగా అమర్చుదురు. గునుగును ముందునాడే కోసి తెచ్చి, కాడలను సమానముగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలుగా దారముతో బిగించి, కొనలను రంగునీటిలో ముంచి నీడన ఆరవేయుదురు. ఆ పువ్వు స్వభావతః పొడిది గనుక రంగును పట్టుకొనును, వాడిపోదు. తంగేడు అట్లు కాదు. అది సుకుమారము, పేర్చునాటి ఉదయముననే కోయవలెను, ఆలస్యమైనచో రేకులు రాలును. ఏ పువ్వును ఏనాడు తేవలెనో, దేనిని నీటిలో నుంచవలెనో, దేనిని తడి తగులనీయరాదో తెలియుటయే ఈ విద్యలో మొదటి మెట్టు.

వరుసమీద వరుస పేర్చునపుడు కాడలు లోపలికిని, పూల ముఖములు వెలుపలికిని ఉండవలెను. ప్రతి వరుసయు క్రింది దానికంటె ఇంచుక లోపలికి జరుగవలెను. బతుకమ్మ నిలుచుటకు కారణము పైకి కనబడు పూలు కావు, నడుమ కనబడని నింపుడు. కత్తిరించిన కాడలు, మిగిలిన ఆకులు, రాలిన పూరేకులు అన్నియు మధ్యభాగములో వేసి, ఒక్కొక్క వరుస పూర్తియగుచుండగా అరచేతితో అదిమి గట్టిపరుతురు. ఇందు వృథా యనునది లేదు. కోసి పారవేయవలసిన దంతయు గోపురమునకు ఆధారమగును. చేయి తిరుగనివారు నింపుడును తేలికగా వదలుదురు, ఆటకు ఎత్తుకొని పోవుచుండగనే బతుకమ్మ ఒక ప్రక్కకు ఒరుగును. శిఖరమున గుమ్మడిపువ్వును, తమలపాకుమీద పసుపు గౌరమ్మను నిలిపిన పిమ్మట పెద్దవారు సిబ్బిని ఒకసారి మెల్లగా త్రిప్పి నలువైపుల చూతురు. ఆ చూపులో పరీక్షయు గలదు, ప్రీతియు గలదు.

బతుకమ్మ ఆడు తొమ్మిది దినములలో ఆరవనాడు అలిగిన బతుకమ్మ. ఆనాడు నైవేద్యము లేదు. తొమ్మిదవనాటి సద్దులలో గృహిణీ నైపుణ్యము పూర్తిగా వెల్లడియగును. ఒక్క గుండెడు అన్నము పొడిపొడిగా వండి, వెడల్పు పళ్లెములలో ఆరబెట్టి, దానినే పులిహోరగా, పెరుగు సద్దిగా, నువ్వుల సద్దిగా, కొబ్బరి సద్దిగా, నిమ్మకాయ సద్దిగా మార్చుదురు. నువ్వులను నూనె లేకుండ సన్నని మంటమీద వేయించి, చిటపటలాడుట తగ్గకముందే దింపవలెను. ఒక్క నిమిషము మించిన చేదెక్కును. పెరుగు సద్దిలో పెరుగు తక్కువగను పాలు ఎక్కువగను కలిపినచో చెరువుగట్టున ఆటపాటలు ముగిసి పంచుకొనువేళకు అది పులియక కమ్మగా నుండును. శీతల పేటికలు లేని కాలమున ఏర్పడిన ఈ వంటలకు దినమంతయు నిలుచు గుణము సహజముగా నబ్బినది.

అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. నగర పరిధిలోని జలాశయమునకు అట్టి గౌరవము దక్కుట దేశములో అదే ప్రథమము. చలికాలమున దూరదేశపు పక్షులు ఆ నీటికి వలస వచ్చును. అట్టి చెరువులో కలుపుటకు తెచ్చు బతుకమ్మకు బజారులో దొరకు ఘాటైన రసాయనపు రంగులు అద్దుట నాకు ఎంతమాత్రము సమ్మతము గాదు. పసుపునీరు ఉన్నది, మోదుగుపూల రంగు ఉన్నది. ఏ రంగును అద్దని గునుగు తెలుపులోనే సహజమైన గులాబిచాయ ఉన్నది. పారిశ్రామిక వ్యర్థములు పటాన్‌చెరు పరిసరపు వాగులను, చెరువులను ఎంత బాధించినవో ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. కనుక ఇంటినుండి పోవు పూలైనను శుద్ధముగా పోవుట న్యాయము.

పూల సంగతి మరి యొకటి గలదు. గునుగు జొన్నచేలలో కలుపుగా మొలచునది, తంగేడు బీడునేలల పొద. కొననక్కరలేని పూలతో చేయు పండుగ గనుకనే ఇది పేదయింటను సంపన్నుల యింటను ఒక్క తీరుగా సాగినది. బీడులన్నియు ప్లాట్లయిన ఈ కాలమున అమీన్‌పూర్ ఇల్లాలు ఆ పూలను బీరంగూడ కూడలిలో బేరమాడి కొనుచున్నది. 2014లో బతుకమ్మకు రాష్ట్ర పండుగ గౌరవము, తంగేడుకు రాష్ట్ర పుష్పమను కీర్తి లభించినవి. కాని తంగేడుకు కావలసినది కొంచెము ఖాళీ నేల. భవన సముదాయముల ప్రహరీ వెంబడి అలంకారపు మొక్కలకు బదులు నాలుగు తంగేడు పొదలు పెంచినచో నీటిఖర్చు కూడ తగ్గును. ఎండకు ఓర్చుకొను పొద యది.

దసరానాడు జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి, కాళ్లకు మ్రొక్కి, ఆలింగనము చేసికొనుటకు ఖర్చు ఏమియు లేదు. దీపావళికి కేదారేశ్వర నోము గల యిండ్లలో 21 పోగుల తోరము, 21 చొప్పున భక్ష్యములు సిద్ధము చేయుదురు. ఆ లెక్కయే వంటకు హద్దు. ఎంత చేయవలెనో ముందే తెలియును గనుక ఎక్కువ తక్కువల చింత యుండదు.

కార్తీకమున వత్తులు చేయుట తీరిక సమయపు పని. సంగారెడ్డి చుట్టుప్రక్కల పత్తితీత సాగుచుండు దినములవి. క్రొత్త పత్తిని గింజ తీసి, వ్రేళ్లతో విడదీసి, పొరలు పొరలుగా మెత్తపరచి, చిటికెడు విభూతి అంటించుకొని బొటనవ్రేలికి చూపుడు వ్రేలికి నడుమ నలిపి త్రిప్పుదురు. మరీ బిగువైన వత్తి నూనెను పీల్చదు, మరీ వదులైనది పొగ చిమ్మి త్వరగా కాలిపోవును. పౌర్ణమినాడు సంవత్సరములోని ప్రతి దినమునకు ఒకటిగా 365 వత్తులను వెలిగించువారు, వానిని నెల ముందునుండియే మాటల నడుమ చేసి పెట్టుకొందురు. బీరంగూడ గుట్టమీది భ్రమరాంబా మల్లికార్జునస్వామి గుడికి ఆ మాసమున పోవు స్త్రీల చేతిసంచిలో అట్టి వత్తులకట్ట తప్పక యుండును.

ధనుర్మాసపు ముగ్గులను గూర్చి వ్రాసినవారు అనేకులు గాన నేను సంక్రాంతి పిండివంటయైన సకినాల దగ్గరకు పోవుచున్నాను. ఈ ఋతువులోని గృహవిద్యలలో నా దృష్టికి అత్యుత్తమమైనది అదియే. కావలసినవి క్రొత్తబియ్యము, నువ్వులు, వాము, ఉప్పు. రాత్రి నానవేసిన బియ్యమును ఉదయమున వడకట్టి, తడి ఆరకుండగనే గిర్నికి తీసికొనిపోయి పట్టించి, జల్లించి, చేతితో అదిమి మూతపెట్టుదురు. కిలో బియ్యమునకు పావుకిలో వరకు నువ్వులు పట్టును. నీరు కొంచెము కొంచెముగా చిలుకరించి కలుపవలెను. పిండి మరీ పలుచనైనచో చుట్టు నిలువదు. గట్టిపడినచో వ్రేళ్లనడుమ తెగిపోవును. "పదును చూడు బిడ్డా, చెయ్యికి అంటొద్దు, ఇరుగొద్దు" అని చెప్పుచు ఒక పెద్దమ్మ కోడలి అరచేతిలో పిండిముద్ద పెట్టుట చూచితిని. తూకపురాళ్లతో నేర్పలేని కొలత యది.

ఉతికి ఆరవేసిన తెల్లని నూలు చీరను నేలపై పరచి, నడుమ పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమలు పెట్టి, దాని చుట్టు మొదటి చుట్లు వేయుదురు. పిమ్మట తలా యొక ప్రక్క కూర్చుండి చుట్టుట ప్రారంభింతురు. పిండిని కుడిచేతిలో పట్టి, బొటనవ్రేలితోను మొదటి రెండు వ్రేళ్లతోను నలుపుచు, మెలివేయుచు, సన్నని త్రాడుగా జారవిడుచుచు, ఒక చుట్టు కలిసిన చోటినుండి తెగకుండ రెండవ చుట్టులోనికి పోవుదురు. సాధారణముగా మూడు నాలుగు చుట్లు. మెలి యెంత సమముగా నుండిన సకినము అంత సమముగా కాలును. ఒకచోట లావు, ఒకచోట సన్నమైనచో సన్ననిది మాడి లావైనది మెత్తబడును.

నూలుబట్ట పరచుట ఆచారము మాత్రమే కాదు. చుట్టిన సకినములోని అధికమైన తడిని ఆ బట్ట పీల్చుకొనును. తడి నిలిచిన పిండిని కాగుచున్న నూనెలో వేసినచో లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరియై, దారి లేక పిండిని చీల్చుకొని పేలును. చేతులు కాలుట అందువలననే. అందుకే నైలాను బట్టలు ఈ పనికి పనికిరావు. కొంత ఆరిన పిమ్మట పళ్లెపు అంచుతో మెల్లగా లేపి, విరుగకుండ నూనెలోనికి జార్చి, రంగు తిరుగకముందే తీయవలెను. చక్కగా కాలిన సకినము తెల్లగా నుండి, విరిచినపుడు చప్పుడు చేయును. మూత గట్టి డబ్బాలో పోసినచో చాల దినములు చెడదు.

ఒక్కరు చుట్టినచో ఈ పని దినమంతయు పట్టును, నడుము విరుగును. అందుచేతనే ఈనాడు మీ యింట, రేపు మా యింట అను వంతులు ఏర్పడినవి. అమీన్‌పూర్ కాలనీలలో గోదావరి, కృష్ణా జిల్లాలనుండి వచ్చినవారును ఉన్నారు. వారు అరిసెల పాకము పట్టుచుండగా ఇచ్చటివారు సకినాలు చుట్టుట ఒకే మేడమీద జరుగును. బెల్లపు పాకమును చల్లని నీటిలో వేసి వ్రేళ్లతో ఉండగా చేరునా యని చూచుట, నువ్వులద్దిన అరిసెను రెండు చెక్కల నడుమ నొక్కి నూనె పిండుట - వీనిని తెలంగాణపు యువతులు నేర్చుచున్నారు; ఆ వచ్చినవారి బిడ్డలు సకినము మెలి నేర్చుచున్నారు. కొనుక్కున్న సకినాలు తినుట తప్పని నేననను. కర్మాగారములలో మూడు షిఫ్టుల కాపురములు ఎట్టివో ఎరుగుదును. కాని బజారు పొట్లములో ఈ నేర్చుట, నేర్పుట లేవు.

కావున పని పంచుకొనుటలోనే ఉపాయమున్నది. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన మగవారు బియ్యమును గిర్నికి మోయుటలో, నూనె మూకుడు కాచుటలో చేయి కలుపుచున్న యిండ్లు ఇప్పుడు కొన్ని గలవు; వానిలో సకినాలు ఆగిపోలేదు. భోగికి ముందువారము గిర్నిలయొద్ద వరుసలు పెరుగును, తడిబియ్యము ఎక్కువసేపు నిలిచిన పులియును. గాన మేడవారందరు కలిసి ఒకనాడు నిశ్చయించుకొని, ఉదయముననే బియ్యము పంపి, మధ్యాహ్నపు ఎండ మేడమీద ఉండగనే చీర పరచుట మంచిది.